గాలి పొడ గిట్టదు, గ్లిజరిన్ చాలు



గ్లిజరిన్ సీసా లేని ఇల్లు ఒకప్పుడు అరుదు. చలికి పెదవులు పగిలినా, నోరు పూసినా అదే మందు. కొన్ని దగ్గు మందుల చిక్కదనం, తీపి దీని చలవే. ఇక సినిమాల్లో కథానాయికల కన్నీళ్లలో దీని వాటా ఎంతో మీకు నేను వేరే చెప్పక్కర్లేదు. 1779లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త కార్ల్ విల్‌హెల్మ్ షీలే ఆలివ్ నూనెను సీసపు ఆక్సైడుతో కలిపి కాస్తే ఈ తియ్యటి జిగురు ద్రవం బయటపడింది.

అది నూనెలోకి ఎక్కణ్ణుంచి వచ్చిందంటారా? అందులోనే ఉంది. నువ్వుల నూనె కానివ్వండి, గేదె నెయ్యి కానివ్వండి, మన నడుం చుట్టూ పేరుకునే కొవ్వు కానివ్వండి, అణువు కట్టుబడి ఒకటే. నడుమ ఒక గ్లిజరిన్, దాన్ని పట్టుకుని మూడు కొవ్వు ఆమ్లాలు. కొవ్వు ఎక్కడ విరిగితే అక్కడ గ్లిజరిన్ రాలుతుంది. సబ్బు కాచే చోట రాలుతుంది. బయోడీజిల్ తీసే చోట రాలుతుంది. చెరువు అడుగున చచ్చిన చేప కుళ్లేటప్పుడు, గేదె తిన్న చెక్కలోని నూనె దాని పొట్టలో విరిగేటప్పుడు కూడా రాలుతుంది. మొదటి రెండు చోట్లా దాన్ని పట్టి సీసాల్లో నింపుతాం. బురదలోనూ గేదె పొట్టలోనూ రాలిందాన్ని ఎవరు తింటున్నారు? అక్కడ గాలి ఆడదు కదా?

గాలి ఆడని చోట గ్లిజరిన్‌ను పులియబెట్టుకుని బతికే బ్యాక్టీరియాలున్నాయి. అలాంటిదొకటి కొత్తగా దొరికితే దాన్ని ఎలా పట్టుకుంటారు, అది నిజంగా కొత్తదేనని ఎలా తేలుస్తారు అన్నది ఇవాళ్టి ముచ్చట. ముందే ఒక మాట చెప్పేస్తాను. కొత్త సూక్ష్మజీవిని కనిపెట్టడమంటే సూక్ష్మదర్శినిలో కన్నుపెట్టి కేక వేయడం అనుకుంటాం. ఆ సూక్ష్మదర్శిని చెప్పేది నిజానికి చాలా తక్కువ. పొట్టి కర్రలా ఉంది, కొంచెం వంగి ఉంది, ఈదుతోంది, అంతే. వేల రకాలు అలాగే ఉంటాయి. అసలు పరిచయం దాని జమాఖర్చుల పుస్తకంలో ఉంటుంది. ఏం తింది, ఏం విడిచింది, లెక్క సరిపోయిందా లేదా.

ఆ లెక్క కొంచెం చూద్దాం. భయపడకండి, కూడికలు తీసివేతలే.

మనం అన్నం తింటాం, ఊపిరి పీలుస్తాం. తిన్నదాన్నుంచి ఎలక్ట్రాన్లు ఊడి వస్తాయి. వాటిని చివరికి ఎవరో ఒకరు పుచ్చుకోవాలి. మన ఒంట్లో ఆ పని ఆక్సిజన్‌ది. ఎలక్ట్రాన్లను అందుకుని నీరవుతుంది. ఆక్సిజన్ లేని చోట పుచ్చుకునే నాథుడు లేడు. అందుకని ఆ జీవి తన తిండిలోనే ఒక ముక్క నుంచి ఎలక్ట్రాన్లు లాగి ఇంకో ముక్కకు అంటగడుతుంది. పులియడమంటే ఇదే. చక్కెరతో ఇది సులువు. గ్లూకోజ్ అణువును నడిమికి విరిస్తే సరిగ్గా రెండు లాక్టిక్ ఆమ్లపు అణువులొస్తాయి, మిగులూ లేదు, తగులూ లేదు. మన పెరుగు కథ అదే.

గ్లిజరిన్‌తో అలా కుదరదు. లాక్టిక్ ఆమ్లంలో మూడు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, మూడు ఆక్సిజన్లు. గ్లిజరిన్‌లో మూడు కార్బన్లు, ఎనిమిది హైడ్రోజన్లు, మూడు ఆక్సిజన్లు. రెండు హైడ్రోజన్లు అదనం. ఈ అదనాన్ని వదిలించుకునే ఉపాయం తెలిసిన బ్యాక్టీరియానే గాలి లేని చోట గ్లిజరిన్ మీద బతకగలుగుతుంది. అందుకే చక్కెర మీద బతికే అవాయు జీవులు కోకొల్లలుగా ఉన్నా, గ్లిజరిన్ మీద బతికేవి తక్కువ.

ఉపాయాలు ముఖ్యంగా మూడు. గ్లిజరిన్ నుంచి ఒక నీటి అణువును తీసేశారనుకోండి, మిగిలేది మూడు కార్బన్లు, ఆరు హైడ్రోజన్లు, రెండు ఆక్సిజన్లు. అది సరిగ్గా ప్రొపియోనిక్ ఆమ్లం. లెక్క దానంతటదే సరిపోయింది. కాగితం మీద ఇంత సులువుగా కనిపించే ఈ తీసివేతను బ్యాక్టీరియా చాలా మెట్లు ఎక్కి దిగి చేస్తుంది. రెండోది, అణువును రెండుగా విరిచి ఒకవైపు ఇథనాల్, ఇంకోవైపు ఫార్మిక్ ఆమ్లం చేయడం. కూడి చూడండి, ఇదీ సరిపోతుంది. మూడోది కాస్త గడుసుది. కొన్ని గ్లిజరిన్ అణువులు ఎసిటిక్ ఆమ్లం వంటివాటిగా మారి శక్తినిస్తాయి, ఆ క్రమంలో మిగిలిపోయిన ఎలక్ట్రాన్లను మోయడానికి మరికొన్ని అణువులు 1,3-ప్రొపేన్‌డయోల్ అనే ద్రవంగా మారిపోతాయి. కొందరు సంపాదించడానికి ఇంకొందరు బరువు మోయడమన్నమాట.

ఈ మూడో దారి మనుషులకు ముందుగా తెలిసింది ద్రాక్షసారాయి వల్ల. ఫ్రాన్సులో కొన్ని ఎర్ర వైన్లు నిల్వలో చేదెక్కిపోయేవి. పాశ్చర్ 1860ల్లో వైన్ జబ్బుల మీద పనిచేసినప్పుడు ఈ చేదు జబ్బును కూడా పట్టించుకున్నాడు. 1881లో ఆగస్ట్ ఫ్రాయిండ్ అనే రసాయన శాస్త్రవేత్త గ్లిజరిన్ పులిసిన ద్రవంలో ప్రొపేన్‌డయోల్ ఉందని గుర్తించాడు. 1910ల్లో వాజెనే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త చేదు వైన్ నుంచి గ్లిజరిన్‌ను విరగ్గొట్టే బ్యాక్టీరియాను వేరుచేశాడు. గ్లిజరిన్ నుంచి ప్రొపేన్‌డయోల్‌కు వెళ్లే దారిలో ఒక ఆల్డిహైడ్ తయారవుతుంది. అందులోంచి పుట్టే ఎక్రోలీన్ వైన్‌లోని వగరు పదార్థాలతో కలిసి చేదవుతుంది. తాగేవాడికి అది జబ్బు, బ్యాక్టీరియాకు ఖర్చు పద్దు.

ఇప్పుడు గొర్రె దగ్గరికి వద్దాం. నాకు ఈ మొత్తం చరిత్రలో ఎక్కువ ఇష్టమైన ఘట్టం ఇది.

నెమరువేసే పశువుకు పెద్ద పొట్ట ఉంటుందని మీకు తెలుసు. పెద్ద ఆవుకైతే అది వంద లీటర్ల పైన పట్టే పులియబెట్టే తొట్టి. లోపల 39 డిగ్రీల వేడి, బొగ్గుపులుసు వాయువు, మీథేన్. ఆక్సిజన్ దాదాపు శూన్యం. గొర్రె పెద్ద పొట్టలో గ్లిజరిన్ పులిసి ప్రొపియోనిక్ ఆమ్లం వస్తుందని 1950ల తొలి సంవత్సరాల్లోనే న్యూజిలాండ్‌లో చూపించారు. నూనె వేస్తే అక్కడే విరుగుతుందని 1950ల చివరికి స్కాట్లండ్‌లో తేలింది. పని జరుగుతోందని తెలుసు, చేస్తున్నదెవరో తెలియదు. స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో రోవెట్ పరిశోధన సంస్థ ఉంది. అప్పట్లో అది పశువుల మేత మీద పనిచేసేది. అక్కడి హాబ్సన్, మాన్ అనే ఇద్దరు ఆ ఆసామీని పట్టుకోడానికి బయల్దేరారు.

ఆక్సిజన్ సోకితే చచ్చే జీవిని పట్టడమెలా? మన చుట్టూ ఉన్నదంతా దానికి విషమే. ఆక్సిజన్ దాని లోపలికి వెళ్లి పెరాక్సైడ్ లాంటి చురుకైన పదార్థాలుగా మారుతుంది. వాటిని విరుగుడు చేసే ఎంజైములు మనకున్నట్టు దానికి సరిగా ఉండవు. ఈ చిక్కుకు మార్గం చూపినవాడు అమెరికాకు చెందిన రాబర్ట్ హంగేట్. ఆయన పద్ధతి చూస్తే వంటింటి పనిలాగే ఉంటుంది. చల్లారితే గడ్డకట్టే అగార్ అనే జావను కాచి పరీక్షనాళికలో పోయాలి. అది వేడిగా ఉండగానే బొగ్గుపులుసు వాయువును వేడెక్కిన రాగి మీదుగా పంపి, అందులో మిగిలిన ఆక్సిజన్ చుక్కను కూడా రాగికి పట్టించేసి, ఆ శుద్ధమైన వాయువును నాళికలోకి ఊదుతూ ఉండాలి. ఊదుతూండగానే పొట్టలోంచి తీసిన రసాన్ని పలచన చేసి చుక్క వేయాలి. రబ్బరు బిరడా బిగించి, చన్నీళ్లలో నాళికను పడుకోబెట్టి గిరగిరా తిప్పాలి. అగార్ లోపలి గోడకు పల్చటి పొరలా గడ్డకడుతుంది. ఒక్కో బ్యాక్టీరియా తన చోట తాను పెరిగి ఒక్కో చుక్కగా కనబడుతుంది. గాలి దూరిందా లేదా అని చూడ్డానికి రెసజురిన్ అనే రంగు కలుపుతారు. ఆక్సిజన్ ఉంటే అది గులాబీ రంగు, లేకపోతే రంగు ఉండదు. నాళిక గులాబీ అయిందంటే ఆ రోజు శ్రమ పారబోయాల్సిందే.

హాబ్సన్, మాన్ ఈ అగార్‌లో అవిసె నూనెను సన్నటి బిందువులుగా కలిపారు. పొర పాలలా మసకగా ఉంటుంది. నూనెను విరిచే ఎంజైము, అంటే లైపేజ్, వదిలే బ్యాక్టీరియా ఏదైనా అక్కడ పెరిగితే దాని చుట్టూ మసక పోయి తేటపడుతుంది. ఆ తేట వలయాల నడుమ ఉన్న చుక్కల్ని ఏరారు. 1961లో ఫలితాన్ని ప్రచురించారు. వంగిన కర్రలాంటి ఆకారం, ఒక కొసన తోక, ఈదే స్వభావం. తిండి విషయంలో మహా పట్టింపు. గ్లిజరిన్, రైబోజ్, ఫ్రక్టోజ్, లాక్టిక్ ఆమ్లం తింటుంది, మిగతా చక్కెరల జోలికి పోదు. గ్లిజరిన్ పెడితే ప్రధానంగా ప్రొపియోనిక్ ఆమ్లం విడుస్తుంది. 1966లో హంగేట్ దానికి ఎనరోవిబ్రియో లైపోలిటికా అని పేరు పెట్టాడు. తర్వాత వ్యాకరణం సరిచేసి లైపోలిటికస్ అన్నారు.

ఈ ప్రొపియోనిక్ ఆమ్లం పశువుకు చెత్తేమీ కాదు. పొట్ట గోడలోంచి రక్తంలోకి, అక్కడి నుంచి కాలేయానికి వెళ్లి గ్లూకోజ్‌గా మారుతుంది. పాలిచ్చే ఆవు తనకు కావలసిన గ్లూకోజ్‌లో పెద్ద వాటాను ఇలాగే తయారుచేసుకుంటుంది. పాలల్లోని చక్కెర ఈ గ్లూకోజ్ నుంచే వస్తుంది. ఈనిన కొత్తలో ఆవుకు శక్తి చాలక కీటోసిస్ వస్తే గ్లిజరిన్ తాగించే వైద్యం 1950ల నుంచీ ఉంది. దాని వెనకున్న పనివాళ్లలో ఈ వంగిన కర్రలు కూడా ఉన్నాయి.

ఇక 1989కి వద్దాం. జర్మనీలో షౌడర్, షింక్ అనే ఇద్దరు గ్లిజరిన్ తినే మరో బ్యాక్టీరియాను వర్ణించారు. బెర్న్‌హార్డ్ షింక్ గురించి ఒక్క మాట. ఎవరూ తినరనుకునే పదార్థాన్ని ఒక సీసాలో పోసి, గాలి తగలని బురద ఒక చెంచా వేసి, దాన్ని తినే జీవి పైకి వచ్చేదాకా ఓపిగ్గా వేచి చూడడం ఆయన బడి తీరు. మూత బిగించిన సీసాలో తిండి అంటూ ఒక్క గ్లిజరినే ఉంటుంది. బురదలో లక్ష రకాలున్నా, దాన్ని తినగలిగిందే పెరుగుతుంది. ఆ సీసాలోంచి కొంచెం తీసి ఇంకో కొత్త సీసాలో, అందులోంచి మరోదాంట్లో వేసుకుంటూ పోతే అక్కర్లేనివి రాలిపోతాయి. ఆ తర్వాతే అగార్ నాళికలు, ఒక్కో చుక్కను ఏరుకోవడం. అప్పటికీ అనుమానం తీరదు. ఒక చుక్కలో ఇద్దరు దాక్కోవచ్చు, ఒకరు విడిచిన ఎంగిలి మీద ఇంకొకరు బతకొచ్చు. అందుకే రకరకాల తిండి పెట్టి, మళ్లీ మళ్లీ సూక్ష్మదర్శినిలో చూసి, ఉన్నది ఒక్కరేనని నమ్మకం కుదిరాకే ముందుకు పోతారు.

ఇక్కడ జమాఖర్చు అసలు రూపం చూపిస్తుంది. కొలిచి పెట్టిన గ్లిజరిన్ ఎంత? మిగిలింది ఎంత? వచ్చిన ప్రొపియోనిక్ ఆమ్లం ఎంత? పెరిగిన బ్యాక్టీరియా ఒంటి బరువు ఎంత? పైన చేరిన హైడ్రోజన్ వాయువు ఎంత? కార్బన్ లెక్క ఒకటి, ఎలక్ట్రాన్ల లెక్క ఒకటి, రెండూ దాదాపు నూటికి నూరు రావాలి. రాకపోతే గమనించని పదార్థమేదో తయారవుతోందన్నమాట. షౌడర్, షింక్ వర్ణించిన జీవి గ్లిజరిన్‌ను ప్రొపియోనిక్ ఆమ్లం, తన ఒళ్లు, హైడ్రోజన్‌గా మారుస్తుంది. ఈ హైడ్రోజన్ ఎందుకొచ్చిందో ఆలోచిస్తే ముచ్చటేస్తుంది. ప్రొపియోనిక్ ఆమ్లం వరకైతే లెక్క సరిపోయిందని ఇందాకే చూశాం. కానీ అది తన ఒళ్లు కట్టుకోవడానికి కూడా గ్లిజరిన్‌నే వాడుకోవాలి కదా. జీవకణం మొత్తం మీద గ్లిజరిన్ అంత హైడ్రోజన్ ఉన్న పదార్థం కాదు. ఒళ్లు కట్టుకున్న మేరకు ఎలక్ట్రాన్లు మిగులుతాయి, ఆ మిగులే హైడ్రోజన్‌గా బుడగలై పోతుంది.

మరి ఇంత చేస్తే దక్కేదెంత? ఒక మోల్ గ్లిజరిన్, అంటే 92 గ్రాములు, ప్రొపియోనిక్ ఆమ్లమైతే సుమారు 150 కిలోజౌళ్లు. అదే గాలిలో పూర్తిగా మండితే 1,600 పైచిలుకు. అంటే పదో వంతు కూడా లేదు. ఆ కాస్తతోనే కాపురం.

లెక్క తేలాక పోలికలు చూడాలి. ఏ వేడికి, ఎంత ఆమ్లానికి, ఎంత ఉప్పుకు పెరుగుతుంది? కణపు గోడ తీరును బయటపెట్టే గ్రామ్ రంగు పడుతుందా? 80 డిగ్రీల వేడిని తట్టుకునే బీజాలు కడుతుందా? కణపు పొరల్లో ఏ కొవ్వు ఆమ్లాలున్నాయి? వీటితో పాటు వంశం. 1977లో కార్ల్ వూజ్ రైబోజోమ్‌లోని ఒక ఆర్‌ఎన్‌ఏను వంశవృక్షానికి కొలబద్దగా వాడుకోవచ్చని చూపించిన దగ్గర్నుంచి బ్యాక్టీరియా లోకమే తలకిందులైంది. సుమారు 1,500 అక్షరాల ఆ జన్యువు తెలిసిన ఏ జాతితోనూ 98.7 శాతం కలవకపోతే కొత్త జాతి అని చెప్పడానికి దారి తెరుచుకున్నట్టే. అంతకు మించి పోలిక ఉంటే మొత్తం జన్యుపటాల్ని పక్కపక్కన పెట్టి చూస్తారు. అక్కడ సగటు పోలిక 95, 96 శాతానికి లోపుంటే వేరే జాతి.

మరి 1989 నాటి మన జీవి సంగతి? దాని వంగిన ఆకారం, అవాయు బతుకు, గ్లిజరిన్ తిండి చూసి దాన్ని గొర్రె పొట్టలోని బ్యాక్టీరియాకు తమ్ముడనుకున్నారు. అదే ప్రజాతిలో చేర్చి ఎనరోవిబ్రియో గ్లిజరిని అన్నారు. అప్పటికున్న ఆధారాలతో అది సబబే. 1992లో ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో వరి మళ్ల మట్టిలో దొరికిన లాక్టిక్ ఆమ్లం తినే బ్యాక్టీరియాను కూడా అదే ఇంటిపేరుతో పిలిచారు. 1999లో స్ట్రోంపెల్, ఆయన సహచరులు ఈ ముగ్గురి వంశం తవ్వితే ముగ్గురూ మూడు వేరు ఇళ్లవాళ్లని తేలింది. గొర్రెది పాత పేరుతోనే ఉండిపోయింది. గ్లిజరిన్‌ది ఎనరోసైనస్ అయింది. వరి మడిది ఎనరోఆర్కస్ అయింది. పైగా ఇంకో విచిత్రం. వీటి కణపు గోడ గ్రామ్ నెగెటివ్ తరహాది, వంశం మాత్రం గ్రామ్ పాజిటివ్ అయిన క్లాస్ట్రిడియా అనే బ్యాక్టీరియాల పక్కది. పేరు పోయింది గానీ 1989లో కట్టిన జమాఖర్చు ఒక్క పద్దు కూడా మారలేదు. అందుకే నాకు పేరుకన్నా లెక్క మీద నమ్మకం ఎక్కువ.

పేరు అధికారికం కావాలంటే కూడా తంతు ఉంది. ప్రామాణికమైన ఆ ఒక్క వంగడాన్ని, బతికున్నదాన్ని, రెండు వేర్వేరు దేశాల్లోని భాండాగారాల్లో దాచాలి. ఎవరు అడిగినా ఇవ్వాలి. మన తెలుగు నేలకు కూడా ఈ పేర్ల పుస్తకంలో చోటుంది. 2007లో హైదరాబాదు పరిశోధకులు సి. శశికళ, సి.హెచ్. వెంకటరమణ బృందం సముద్ర తీరపు అవాయు బ్యాక్టీరియాలు రెండింటిని వర్ణించింది. ఒకటి థయోరోడోకాకస్ కాకినాడెన్సిస్, ఇంకొకటి థయోరోడోకాకస్ భీమ్లికస్. ఇవి గ్లిజరిన్ పులియబెట్టే రకం కాదు, ఆక్సిజన్ విడవకుండా వెలుతురు మీద బతికే రకం. పేరు పెట్టే తంతులో మాత్రం తేడా లేదు.

తెలిసినవాణ్ణి కూడా సరిగా తెలుసుకోలేదని రుజువైన సందర్భం ఒకటి చెప్పాలి. ఈ. కోలై కన్నా ఎక్కువగా శాస్త్రవేత్తలు అధ్యయనం చేసిన బ్యాక్టీరియా లేదు. అది గ్లిజరిన్ తింటుంది, కానీ ఆక్సిజన్ లేకుండా, ఎలక్ట్రాన్లు పుచ్చుకునే మరో పదార్థం లేకుండా పులియబెట్టలేదని దశాబ్దాల పాటు పాఠాల్లో రాశారు. 2006లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రామోన్ గొంజాలెజ్ బృందం కొంచెం ఆమ్లంగా ఉన్న ద్రవంలో, లవణాల మోతాదు మార్చి పెంచితే అది చక్కగా పులియబెట్టి ప్రధానంగా ఇథనాల్ ఇస్తుందని చూపించింది. ఇందాక చెప్పుకున్న రెండో దారి. చేతకాదు అని తీర్పు చెప్పే ముందు ఏ నీళ్లలో అడిగామో చూసుకోవాలన్నమాట.

వాళ్లు అప్పుడే ఎందుకడిగారంటే, బయోడీజిల్ వల్ల. టన్ను బయోడీజిల్‌కు సుమారు క్వింటా గ్లిజరిన్ అడుగున మిగులుతుంది. మిథనాల్, సబ్బు, ఉప్పు కలిసిన మురికి గ్లిజరిన్ అది. మందులకు పనికొచ్చేలా శుద్ధి చేయడం ఖర్చు. కాకినాడలో కూడా బయోడీజిల్ కర్మాగారం ఉంది, అక్కడ గ్లిజరిన్ శుద్ధి చేస్తారు. శుద్ధి చేయకుండానే బ్యాక్టీరియాకు మేపి ప్రొపేన్‌డయోల్ తీస్తే దాంతో తివాచీల దారం చేయొచ్చు. చిత్రమేమిటంటే, అమెరికాలోని టెన్నెసీలో 2006లో మొదలైన పెద్ద కర్మాగారం గ్లిజరిన్‌తో మొదలుపెట్టలేదు. మొక్కజొన్న చక్కెరను ఈ. కోలైకి పెట్టి, దాని లోపలే ఈస్టు జన్యువులతో గ్లిజరిన్ చేయించి, క్లెబ్సియెల్లా అనే మరో బ్యాక్టీరియా జన్యువులతో దాన్ని ప్రొపేన్‌డయోల్ చేయించింది. లోకంలో గ్లిజరిన్ కుప్పలు పడుతుంటే కర్మాగారం చక్కెర కొనుక్కుంటోంది. ధర, శుభ్రత, నమ్మకమైన సరఫరా, వీటి ముందు రసాయన శాస్త్రం తలవంచక తప్పదు.

ఇక గొర్రె పొట్టలోని ఆ తొలి పరిచయస్థుడి సంగతి. 1961లో దొరికినా దాని పద్దుల పుస్తకం ఇంకా నిండలేదు. 2013లో బ్రిటన్ పరిశోధకులు దాని జన్యువుల్లోంచి మూడు కొత్త లైపేజ్‌లను తీసి వర్ణించారు. వాటి మీద ఆసక్తి ఎందుకంటే, మేతలోని అసంతృప్త కొవ్వు ఆమ్లాలు గ్లిజరిన్ నుంచి విడివడ్డాకే పెద్ద పొట్టలోని వేరే బ్యాక్టీరియాలు వాటికి హైడ్రోజన్ ఎక్కించి గట్టి కొవ్వుగా మారుస్తాయి. పాలలో, మాంసంలో మనం తినే సంతృప్త కొవ్వులో కొంత అలా వచ్చిందే. మరి లైపేజ్‌ను కాస్త నెమ్మదింపజేస్తే పాల కొవ్వు తీరు మారుతుందా, మారితే పశువుకు అందే గ్లిజరిన్ ఎంత తగ్గుతుంది అన్నది ఇప్పుడు పశుపోషణ శాస్త్రవేత్తల ముందున్న లెక్క.